పెరట్లో కరెంటు రైలు: డెల్టా నేలలో పట్టాలు వేసి నడపడం ఎలా?

"పెరట్లో బొమ్మ రైలు వేద్దామనుకుంటున్నామండి, ఏ ఇంజను కొనమంటారు?" ఈ మధ్య భీమవరం నుంచీ, అమలాపురం నుంచీ, రాజమండ్రి నుంచీ ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది. అందరికీ ఒకటే జవాబు. ఇంజను చివర కొనండి, ముందు నేల సంగతి చూడండి. యూరప్‌లో తీసిన వీడియోల్లో గడ్డిలో జానెడు వెడల్పున తవ్వి, కంకర పోసి, పైన పట్టా పరిచేస్తారు. చూడటానికి ఒక్క పూట పనిలా ఉంటుంది. మన నల్లరేగడిలో అదే చేస్తే మొదటి వానాకాలానికే పట్టా పాములా మెలికలు తిరుగుతుంది. వేసవిలో నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బి, ఏడాది పొడవునా కదిలే నేల ఇది. పైగా కాలువల్లో నీళ్ళున్నన్నాళ్ళూ రెండడుగులు తవ్వితే ఊట వచ్చే ఊళ్ళు చాలా ఉన్నాయి.

కాబట్టి ఈ వ్యాసంలో సగం పునాది గురించే ఉంటుంది. ఆ సగం ఓపిగ్గా చేసినవాళ్ళకు మిగతా సగం సరదాగా సాగిపోతుంది.

ముందు తేల్చుకోవలసినవి రెండు

మొదటిది గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం. ఆరుబయటకు 45 మి.మీ. గేజి తీసుకోండి. దీన్ని జి స్కేలు అంటారు. 1968లో జర్మనీకి చెందిన ఎల్‌జీబీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇంట్లో బల్ల మీద నడిపే హెచ్‌ఓ రైలు గేజి 16.5 మి.మీ. మాత్రమే. దాని పట్టా ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. ఒక వేపపుల్ల అడ్డం పడితే చాలు, పెట్టెలు పక్కకు ఒరిగిపోతాయి. జి స్కేలు ఇత్తడి పట్టా ఎత్తు 8.4 మి.మీ. చిన్న చిన్న చెత్తను దాటుకుని పోతుంది.

మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ. కదా, మరి అసలు రైలులా కనిపిస్తుందా అని కొందరికి అనుమానం. ఎల్‌జీబీ బండ్లు 1:22.5 కొలతలో, అంటే అసలు బండిలో 22.5వ వంతుగా, మీటరుగేజికి సరిపోయేలా చేసినవి. ఆ లెక్కన మన బ్రాడ్‌గేజికి 74 మి.మీ. పైచిలుకు పట్టా కావాలి, అది దొరకదు. చూపుకు మాత్రం తేడా తెలియదు. అక్కడితో వదిలేయండి.

రెండోది కరెంటు. పట్టాల్లోంచి ఇవ్వవచ్చు, లేదా ఇంజనులోనే బ్యాటరీ పెట్టి రిమోట్‌తో నడపవచ్చు. నా సలహా ఇదీ: పట్టా మొత్తం 15 మీటర్ల లోపు ఉండి, మీ ఊరు సముద్రానికి దూరమైతే పట్టాల్లోంచి ఇవ్వండి. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళయినా, పక్కనే రొయ్యల చెరువులున్నా, లైను పొడవు పెంచే ఆలోచనున్నా బ్యాటరీకి వెళ్ళండి. ఉప్పు తేమకు ఇత్తడి త్వరగా నల్లబడి పచ్చబారుతుంది. రోజూ తుడిచే ఓపిక అందరికీ ఉండదు.

కావలసినవి

ఇక్కడ చెప్పే నమూనా ఒక కోడిగుడ్డు ఆకారపు లైను. రెండు చివరలా 1.2 మీటర్ల వ్యాసార్ధం ఉన్న అరవృత్తాలు, మధ్యలో రెండు వైపులా మూడేసి మీటర్ల నేరుబాట. పట్టా మొత్తం దాదాపు 13.5 మీటర్లు. అటూ ఇటూ మనిషి తిరిగే చోటు కాక 20 అడుగుల పొడవు, పదిన్నర అడుగుల వెడల్పు ఖాళీ స్థలం ఉండాలి.

పునాదికి:
- 4 అంగుళాల పీవీసీ గొట్టం, మూడున్నర అడుగుల ముక్కలు 23. ఇవే స్తంభాలు.
- కడప బండలు, 8 లేక 9 అంగుళాల వెడల్పు పట్టీలుగా కోయించినవి.
- సిమెంటు, ఇసుక, 20 మి.మీ. కంకర. స్తంభాల చుట్టూ పోయడానికి ఇసుక ఇంకా కాస్త ఎక్కువ.
- లెవెల్ ట్యూబు (నీళ్ళు నింపి మట్టం చూసే గొట్టం), పురికొస, గునపం, స్పిరిట్ లెవెల్.

లైనుకు:
- 45 మి.మీ. ఇత్తడి పట్టా. 30 సెం.మీ. నేరుముక్కలు 20, 22.5 డిగ్రీల వంపుముక్కలు 16.
- పట్టా అతుకులకు మరతో బిగించే క్లాంపులు.
- 2.5 చదరపు మి.మీ. రాగి తీగ, ఎరుపు, నలుపు.
- 0–24 వోల్టుల డీసీ కంట్రోలరు, 5 ఆంపియర్లది. 5 ఆంపియర్ల ఫ్యూజు.
- మల్టీమీటర్.
- కారు బ్రేకు లైటుకు వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు, హోల్డరు. ఇది ఎందుకో 7వ మెట్టులో చెబుతాను.

జి స్కేలు సామాను మన దగ్గర మామూలు బొమ్మల షాపుల్లో దొరకదు. దిగుమతి చేసే హాబీ షాపుల నుంచి తెప్పించుకోవాలి, లేదా విదేశాల్లో ఉన్న బంధువులతో చెప్పాలి. పట్టా బరువు, ఇంజను ధర రెండూ ఎక్కువే కనుక, పునాది సిద్ధమయ్యాక ఒకేసారి తెప్పించుకుంటే డబ్బు మధ్యలో ఇరుక్కోదు.

1. ఒక వానాకాలం పెరడును చూడండి

పోయిన వానలకు నీళ్ళు ఎంతవరకు నిలిచాయో ప్రహరీగోడ మీద చార ఉంటుంది. లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, తప్పకుండా చెబుతారు. ఆ గుర్తు మీద కనీసం అరడుగు ఎత్తున మీ పట్టా ఉండాలి. చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, మోటారు నీళ్ళు ఎటు పారుతున్నాయి, పశువులు ఎటు నడుస్తాయి అన్నవి కూడా రాసుకోండి.

కొబ్బరి తోటలో వేసేవాళ్ళు చెట్టు మొదలుకు కనీసం ఆరడుగుల దూరం పాటించండి. వేర్లు తగులుతాయన్నది ఒక కారణం. మట్టో, కాయో పడితే ఇంజను పైకప్పు పగిలిపోతుందన్నది రెండోది. ఆరడుగులు వదిలినా మట్ట వచ్చి పడొచ్చు. అందుకే దింపు రోజున రైలు బయటకు తీయకండి.

2. తవ్వడానికి సరైన నెల

కాలువలు కట్టేసిన వేసవి రోజుల్లో తవ్వండి. ఊట దిగిపోయి ఉంటుంది, గుంటలో నీళ్ళు నిలవవు. మేస్త్రీలు వేసవిలో పని ఒత్తిడిలో ఉంటారు కనుక ముందే మాట్లాడుకోండి.

తీరం వెంట ఇసుక నేలలున్నవాళ్ళకు ఈ కష్టం చాలావరకు లేదు. ఇసుక ఉబ్బదు, కుంచించుకోదు. అక్కడ అడుగు వెడల్పు, అరడుగు లోతు తవ్వి, ఎర్ర గ్రావెల్ పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, పైన రెండంగుళాలు క్రషర్ డస్ట్ పరిస్తే చాలు. అంచులకు ఇటుకలు నిలబెట్టండి, లేకపోతే గాలికి, కోళ్ళ కాళ్ళకు అంతా చెదిరిపోతుంది. వాళ్ళు నేరుగా 5వ మెట్టుకు వెళ్ళవచ్చు.

వాన వస్తే మోకాలి లోతు నీళ్ళు నిలిచే పెరడైతే ఈ ఆలోచన మానేసి డాబా మీద వేసుకోండి. పునాది ఖర్చు లేదు, నీడ కోసం షేడ్‌నెట్ ఒకటి కట్టాలి.

3. స్తంభాలు నిలపడం

లైను ఆకారాన్ని నేల మీద సున్నంతో గీయండి. వంపుల కోసం మధ్యలో మేకు కొట్టి, 1.2 మీటర్ల తాడుతో తిప్పితే అరవృత్తం వచ్చేస్తుంది. గీత మీద రెండడుగులకొకటి చొప్పున గుర్తులు పెట్టండి.

ప్రతి గుర్తు దగ్గర రెండడుగుల లోతు, పది అంగుళాల వెడల్పు గుంట తీయండి. అడుగున ఆరంగుళాలు కంకర పోసి కొట్టండి. దాని మీద పీవీసీ ముక్క నిలబెట్టి, లోపల కాంక్రీటు నింపండి. ఇప్పుడు అసలు కిటుకు. గొట్టం చుట్టూ మిగిలిన ఖాళీలో తవ్విన నల్లమట్టి మళ్ళీ పోయకండి. ఇసుక పోసి నీళ్ళతో కూరండి. నల్లమట్టి స్తంభాన్ని పట్టుకుని ఉంటే అది ఉబ్బినప్పుడల్లా స్తంభాన్నీ పైకి లాగుతుంది. చుట్టూ ఇసుక ఉంటే మట్టి దాని పని అది చేసుకుంటుంది, స్తంభం కదలదు. మేస్త్రి "ఇసుకెందుకండి దండగ, ఈ మట్టే ఏసేద్దాం" అంటారు. ఒప్పుకోకండి. చుట్టూ ఉన్న ఇసుకే ఈ పునాదికి ప్రాణం.

సరుగుడు గుంజలు చవక కదా అని అడుగుతున్నారు. ఒక ఏడాది సరదాకైతే సరే. ఆ తరువాత నేలమట్టం దగ్గర కుళ్ళుతాయి, చెదలు పడతాయి.

4. మట్టం చూసి బండలు పరచడం

స్తంభాలన్నీ ఒకే ఎత్తుకు రావాలి. కంటితో చూసి సరిపెట్టకండి. లెవెల్ ట్యూబులో గాలిబుడగ లేకుండా నీళ్ళు నింపి, ఒక స్తంభం మీద గుర్తు పెట్టి, ఆ గుర్తునే మిగతా వాటికి మార్చండి. ప్రతిసారీ మొదటి స్తంభం నుంచే కొలవండి. పక్కదాని నుంచి పక్కదానికి మార్చుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు కలిసి, గుండ్రం తిరిగి వచ్చేసరికి అంగుళం తప్పు తేలుతుంది. గుర్తుల దగ్గర గొట్టాలను రంపంతో కోసి, కాంక్రీటు తలను సిమెంటుతో చదును చేయండి.

మొదటి లైను పూర్తిగా సమతలంగా వేయండి. ఎత్తుపల్లాలు కావాలంటే తరువాత చూడవచ్చు. అప్పుడైనా మీటరుకు 2 సెం.మీ. మించి ఎక్కించకండి. అంతకు మించితే నాలుగు పెట్టెలతో ఇంజను చక్రాలు జారుతాయి.

బండలను పల్చని సిమెంటు పూత మీద కూర్చోబెట్టండి. బండకూ బండకూ మధ్య 5 మి.మీ. ఖాళీ వదలండి. వంపుల దగ్గర బండను రెండడుగుల ముక్కలుగా, లోపలి అంచు కాస్త పొట్టిగా ఉండేలా కోయించుకోవాలి. కోత మెషీను ఉన్న షాపులో అట్టముక్క నమూనా ఇస్తే చేసిపెడతారు.

చూసుకోవలసింది: స్పిరిట్ లెవెల్‌ను బండకు అడ్డంగా పెట్టండి. బుడగ మధ్యలోనే ఉండాలి. లైను పొడవునా చూసే మట్టంలో రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా రైలు నడుస్తుంది. అడ్డంలో తేడా ఉంటే, ముఖ్యంగా ఒక బండ లోపలికీ పక్క బండ బయటికీ వంగితే, అక్కడ ప్రతి రైలూ పడుతుంది.

ఇక్కడ ఆగండి. పునాది ఒక వానాకాలం తడవనివ్వండి. కార్తీకం వెళ్ళాక మళ్ళీ లెవెల్ ట్యూబు తీసి చూడండి. దిగిన స్తంభాలు ఒకటో రెండో ఉంటే బండ లేపి సిమెంటు పూత మందం పెంచండి. ఈ ఆరునెలల ఎడం చాలామందికి నచ్చదు, పట్టా పెట్టె ఇంటికి వచ్చాక అసలు ఆగలేరు. అందుకే పట్టా ఇంకా కొనవద్దన్నది. వానలు వెళ్ళాక పట్టా వేస్తే సంక్రాంతికి పిల్లలంతా ఊరికి వచ్చేసరికి రైలు తిరుగుతూ ఉంటుంది.

5. పట్టా పరచడం

నేరుముక్కలు, వంపుముక్కలు కలుపుతూ రండి. మొత్తం 36 ముక్కలు, ఒక్కో చోట రెండు పట్టాలు. అంటే 72 చోట్ల ఇత్తడీ ఇత్తడీ తాకాలి. రేపు మీకు వచ్చే తలనొప్పులన్నీ ఈ 72 చోట్ల నుంచే వస్తాయి. పెట్టెతో వచ్చే జారుడు అతుకులు ఇంట్లో సరిపోతాయి, బయట తేమకు ఏడాదిలో వదులవుతాయి. ప్రతి అతుకు దగ్గర పట్టా చివరను సన్నని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, మర క్లాంపు బిగించండి. నేరుబాటకు పొడవాటి ముక్కలు దొరికితే అవే వాడండి, అతుకులు తగ్గుతాయి.

పట్టాను బండకు గట్టిగా బిగించకండి. పది మీటర్ల ఇత్తడి 30 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 6 మి.మీ. సాగుతుంది. తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ నల్లని కడప బండ మీద అంత తేడా రావడం మామూలే. సాగడానికి చోటు లేకపోతే పట్టా మధ్యలో లేచి వంకర పోతుంది. మీటరుకొకచోట స్లీపరుకు (పట్టాల కింద అడ్డంగా ఉండే పలకకు) కాస్త పెద్ద రంధ్రం చేసి, మరను వదులుగా పెట్టండి. వంపుల దగ్గర పట్టా అటూ ఇటూ జరగడానికి బండ మీద చోటు ఉంటుంది. అది జరిగితే జరగనివ్వండి.

బండ మీద బేబీ చిప్స్ (సన్న కంకర) పోస్తే అసలు లైనులా ఉంటుంది. మొదటి ఏడాది మాత్రం వద్దు. చిప్స్ కింద తేమ ఆరదు, చీమలు మట్టి తెచ్చి పోస్తాయి, అతుకులు కనపడవు. లైను నమ్మకంగా నడిచాక ఆ ముచ్చట తీర్చుకోండి.

ఆఖరి అతుకు ఒకటి ఇప్పుడే కలపకుండా వదిలేయండి. పరీక్ష చేసేందుకు అది తెరిచి ఉండాలి.

6. కరెంటు ఇవ్వడం

ఒకే ఒక్క నియమం, దీనికి మినహాయింపు లేదు: 230 వోల్టులు ఇంటి గోడ దాటి బయటకు రాకూడదు. ట్రాన్స్‌ఫార్మరు, కంట్రోలరు వసారాలోనో గదిలోనో ఉండాలి. పెరట్లోకి 24 వోల్టుల తీగ మాత్రమే వెళ్ళాలి. కంట్రోలరు ప్లగ్గు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సప్లై ఆపేసే స్విచ్చు) మీద ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. తడి నేల, చెప్పుల్లేని కాళ్ళు, పిల్లలు, ఈ మూడూ ఉన్నచోట దీన్ని వాయిదా వేయకండి.

కంపెనీ కంట్రోలరు ఖరీదనిపిస్తే 24 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును డీసీగా మార్చేది), డీసీ మోటారు స్పీడు కంట్రోలరు, ముందుకూ వెనక్కూ మార్చడానికి ఆరు కాళ్ళ డబుల్ స్విచ్చు కొనుక్కుని కట్టించుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్‌కు 230 వోల్టుల టెర్మినళ్ళు పైకే ఉంటాయి. దాన్ని మూత ఉన్న పెట్టెలో ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి.

కంట్రోలరు నుంచి ఎరుపు తీగ లోపలి పట్టాకు, నలుపు బయటి పట్టాకు. 5 ఆంపియర్ల ఫ్యూజు ఎరుపు తీగకు, కంట్రోలరు పక్కనే. ఇదే జతను లైను ఎదుటి వైపుకూ తీసుకెళ్ళి రెండోచోట కలపండి. రెండుచోట్లా ఎరుపు లోపలికే రావాలి, తారుమారైతే షార్టే.

ఇంకో జాగ్రత్త. లైను తిరిగి తనలోనే కలిసి రైలును వెనక్కి తిప్పే లూపు మొదట్లో వేయకండి. రెండు పట్టాల పద్ధతిలో అక్కడ ఎరుపు పట్టా వెళ్ళి నలుపుకు తగులుతుంది. దానికి వేరే ఏర్పాట్లు కావాలి.

7. బల్బు పరీక్ష

ఇంజను పెట్టకముందే ఇది చేయండి. ఉత్త మల్టీమీటర్ పెట్టి చూస్తే లైను పొడవునా 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. ఇంజను పెట్టగానే ఆగిపోతుంది. కరెంటు పారనప్పుడు చెడ్డ అతుకు కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది కనుక మీటరు మాట నమ్మలేం. పట్టా మీద బరువు పెట్టి చూడాలి. ఆ బరువే బ్రేకు లైటు బల్బు. 12 వోల్టుల దగ్గర అది ఒకటిముప్పావు ఆంపియర్లు తీసుకుంటుంది, దాదాపు ఒక ఇంజను తీసుకున్నంత.

చేసే పద్ధతి ఇది. రెండో జత తీగలను తాత్కాలికంగా విప్పండి. కంట్రోలరును 12 వోల్టుల దగ్గర పెట్టండి. కలపకుండా వదిలేసిన ఆఖరి అతుకుకు అటువైపు, అంటే తీగ కలిపిన చోటికి అన్నిటికంటే దూరంగా ఉన్న చివర, బల్బు తగిలించండి. బల్బు గాజు చాలా వేడెక్కుతుంది, పిల్లలను దూరంగా ఉంచండి. ఇప్పుడు మల్టీమీటర్‌తో తీగ కలిపిన చోట ఒకసారి, బల్బు దగ్గర ఒకసారి కొలవండి. తేడా ఒక వోల్టు లోపు ఉంటే లైను బాగున్నట్టే.

ఎక్కువుంటే దొంగ అతుకును పట్టుకోవాలి. మల్టీమీటర్‌ను మిల్లీవోల్టులకు మార్చండి. బల్బు వెలుగుతుండగానే ఒక సూదిని అతుకుకు ఇవతల, రెండోదాన్ని అదే పట్టా మీద అతుకుకు అవతల ఆనించండి. మంచి అతుకు 10, 20 మిల్లీవోల్టులు చూపిస్తుంది. 100 దాటినదాన్ని విప్పి, రుద్ది, మళ్ళీ బిగించండి. ఒక్కో అతుకూ చూసుకుంటూ వెళ్ళండి. అరగంట పని. బిగించినప్పుడల్లా బల్బు వెలుగు కాస్త పెరగడం కంటికే తెలుస్తుంది.

అన్నీ సరిపోయాక ఆఖరి అతుకు కలిపి, రెండో జత తీగలు తిరిగి బిగించండి.

8. మొదటి నడక

ముందు ఇంజను లేకుండా ఒక్క పెట్టెను చేత్తో నెట్టుకుంటూ లైనంతా తిప్పండి. ఎక్కడైనా చక్రం టకటకమన్నా, ఎగిరినా అక్కడ ఆగి చూడండి. 45 మి.మీ. వెడల్పుకు కోసిన చెక్కముక్కను పట్టాల మధ్య జరుపుతూ పోతే బిగుతైన చోటు, వదులైన చోటు బయటపడతాయి.

తరువాత ఇంజను ఒక్కటే, నెమ్మదిగా, రెండు దిక్కులా. ఆ తరువాత ఒక్కో పెట్టె కలపండి. స్పీడు పెంచి చూడాలన్న ఉత్సాహం పిల్లలకంటే పెద్దవాళ్ళకే ఎక్కువ. రెండు అడుగుల ఎత్తు బండ మీద నుంచి ఇంజను పడితే గేర్లు పోతాయి, దానికి స్పేరు తెప్పించడం నెలల పని. వంపుల బయటి అంచున రెండంగుళాల ఎత్తు నైలాన్ వలపట్టీ కట్టేయండి.

కరెంటు పోతే వెంటనే స్పీడు నాబ్ సున్నాకు తిప్పేయండి. మరిచిపోయి లోపలికి వెళితే, కరెంటు తిరిగి రాగానే రైలు ఎవరూ లేకుండా దూసుకుపోతుంది.

ఎక్కడ తప్పు జరిగిందో ఎలా తెలుస్తుంది?

రైలు ఎప్పుడూ ఒకేచోట ఆగుతుంటే ఆ చోటికి ముందున్న అతుకును అనుమానించండి. ఆగే చోటు మారుతుంటే పట్టాలో, ఇంజను చక్రాలో మురికిగా ఉన్నాయి. అన్ని పెట్టెలూ ఒకేచోట పడుతుంటే పట్టా మెలిక తిరిగింది, స్పిరిట్ లెవెల్ అడ్డంగా పెట్టి చూడండి. ఒకే పెట్టె ఎక్కడపడితే అక్కడ పడుతుంటే తప్పు దానిదే. దాని చక్రాల మధ్య దూరాన్ని బాగున్న పెట్టెతో పోల్చండి. ఫ్యూజు పోతే మొదట పట్టాల మధ్య మేకో, మరో, తీగముక్కో పడి ఉందేమో వెతకండి. పెద్ద ఫ్యూజు మాత్రం వేయకండి.

9. తుడవడం, కాపాడుకోవడం

నడిపే ముందు గిన్నెలు తోమే పచ్చ పీచును కర్రకు కట్టి పట్టా తల మీద ఒక చుట్టు లాగండి. తరువాత పొడిబట్టతో తుడవండి. ఇనుప పీచు వాడకండి. దాని పోగులు మోటారు అయస్కాంతానికి అంటుకుని లోపల షార్టు చేస్తాయి. చేతుల శానిటైజరు కూడా వద్దు, అందులోని గ్లిజరిన్ పట్టా మీద జిడ్డు వదులుతుంది. ఉప్పుబోరు నీళ్ళతో లైను కడగకండి, ఆరాక తెల్లని పొర మిగులుతుంది.

వానాకాలంలో నత్తలు రాత్రిపూట పట్టా మీదుగా పోతాయి. వాటి జిగురు ఎండితే కరెంటు దాటదు. పందికొక్కులు స్తంభాల మొదట్లో ఇసుకను తోడతాయి. కనపడగానే కంకర కూరి పూడ్చండి. బండల కింద చేయి పెట్టే ముందు కర్రతో కొట్టి చూడటం అలవాటు చేసుకోండి, మన వైపు పాముల సంగతి తెలిసిందే.

మునగచెట్టు దగ్గరుంటే లైనుకు నిత్యం పనే. దాని చిన్న ఆకులు తడికి పట్టాకు అతుక్కుపోతాయి. మొక్కలు కావాలంటే కడియం నర్సరీల్లో పొట్టి రకం నూరువరహాలు, డ్యురంటా తెచ్చుకోండి. కత్తిరిస్తూ ఉంటే రైలు పక్కన చెట్లలా కనిపిస్తాయి.

వంతెన గురించి కూడా చాలామంది అడిగారు, రాజమండ్రి ఆర్చ్ బ్రిడ్జి చేయగలమా అని. అసలు వంతెనలో ఒక్కో ఆర్చ్ 97.5 మీటర్లు. 1:22.5 కొలతలో ఒక్కటే 4.3 మీటర్లు వస్తుంది, మన నేరుబాట కన్నా పొడవు. మీటరున్నర ఆర్చ్‌లు రెండు చేసి, రెండు బండల స్థానంలో ఒక ఇనుప చానెల్ పెట్టి దాని మీద నిలబెట్టండి. బరువంతా చానెల్ మోయాలి, ఆర్చ్ అలంకారానికే. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసిన పాత హేవ్‌లాక్ వంతెన గర్డర్లు ఒక్కోటి రెండు మీటర్లకు వస్తాయి. అది పూర్తి కొలతలో చేయవచ్చు, చేస్తే అందమంతా అక్కడే ఉంటుంది.

10. బ్యాటరీ దారిలో వెళ్ళేవాళ్ళకు

పునాది అంతా ఇదే. 6, 7 మెట్లు అక్కర్లేదు. నాలుగు లిథియం సెల్స్ వరుసగా కలిపిన ప్యాకు 14.8 వోల్టులు ఇస్తుంది, నిండుగా ఉన్నప్పుడు 16.8. దానికి బీఎంఎస్ బోర్డు (సెల్స్‌ను కాపాడే సర్క్యూటు), ఒక ఫ్యూజు తప్పనిసరి. ఇంజనులో చోటు చాలకపోతే వెనక పెట్టెలో పెట్టి తీగ లాగండి. ఛార్జింగు ప్యాకు బయటకు తీసి, నీడలో, మనిషి ఉన్నప్పుడు మాత్రమే పెట్టండి. ఎండలో ఇంజనును వదిలి భోజనానికి వెళ్ళకండి. ఉబ్బిన సెల్‌ను ఇంక వాడకండి.

11. వాయుగుండం కబురు వచ్చినప్పుడు

అక్టోబరు, నవంబరు నెలల్లో ఇది ఏటా ఉండే పనే. ఇంజను, పెట్టెలు ఇంట్లోకి. పెరటి తీగలను కంట్రోలరు దగ్గర విప్పేయండి, పిడుగు పడితే అదొక్కటైనా మిగులుతుంది. పట్టాను కదపనక్కర్లేదు, వదులు మరలు కాస్త బిగించండి చాలు. గాలి తగ్గాక మళ్ళీ వదులు చేయడం మరచిపోకండి.

నీళ్ళు పట్టా మీదికి ఎక్కి తీస్తే, ఒండ్రు తడిగా ఉన్నప్పుడే మంచినీళ్ళతో కడిగేయండి. ఎండిపోయాక అది అతుకుల్లో గట్టిపడుతుంది, క్లాంపు విప్పితే తప్ప రాదు. ఉప్పునీళ్ళు ఎక్కిన చోట రెండుసార్లు కడగండి. రెండు రోజులు ఆరనిచ్చి, లెవెల్ ట్యూబుతో స్తంభాలు, బల్బుతో అతుకులు చూసుకోండి. రెండూ సరిగా ఉంటేనే ఇంజను బయటకు తీయండి.